ఉప్పు పద్దులో పడిన బూడిద

"అమ్మా, మీరు అన్నం వండి అమ్ముకునే మనిషి. కరెంటు చార్జీల లెక్కల్లో మీకేం తెలుసని వచ్చారు?"

అడిగింది కరెంటు కంపెనీ లాయరు ఆబ్రే పిల్‌గ్రిమ్. దీవి రాజధాని బ్రిడ్జ్‌టౌన్‌లో ఒక హోటలు సమావేశపు హాల్లో, చార్జీల కమిషన్ సభ్యులు ముగ్గురూ, డెబ్భై మంది జనమూ వింటుండగా అడిగాడు. అడిగించుకున్నది యూలీన్ ట్రాట్‌మన్. యాభై ఏడేళ్లు, తూర్పు తీరంలోని మార్టిన్స్ బేలో తిండి కొట్టు. ఆమె తొందరపడలేదు. సంచీలోంచి కళ్లజోడు తీసింది, గౌను అంచుతో తుడిచింది, పెట్టుకుంది.

"ఎంతమందికి వండాలో తెలుసండీ. మిగతాదంతా మీరిచ్చిన కాయితాల్లోనే ఉంది."

హాలు నవ్వింది. పిల్‌గ్రిమ్ కూడా నవ్వాడు. నవ్వితే నవ్వాడు, ఆ సంచీలో ఇంకా ఏమున్నాయో అడిగి ఉంటే కంపెనీకి కాస్త మేలయ్యేది.

మర్నాటి పేపరు ఆమెను 'పేదల గొంతు' అని రాసింది. ఆ మాట వింటే యూలీన్‌కి ఒళ్లు మంట. ఆమె పేద కాదు. సొంత గోడలు, సొంత కప్పు, రెండు పెద్ద ఫ్రీజర్లు ఉన్న మనిషి. కమిషన్ ముందుకి వెళ్లింది కూడా దీవి కోసం కాదు, ఆ రెండో ఫ్రీజరు కోసం. ఇది దాచవలసిన సంగతేమీ కాదు. తన ఫ్రీజరు సంగతి తనకి తెలిసినవాళ్లే ఇలాంటి చోట పనికొచ్చే ప్రశ్నలు అడుగుతారు. దీవి మొత్తం కోసం వచ్చినవాళ్లు ఉపన్యాసాలిస్తారు.

మొదటి ఫ్రీజరు రోజువారీ సరుక్కి. రెండోది ఎగిరే చేపకి. డిసెంబరు నుంచి జూన్ దాకా పడవలు నిండి వస్తాయి, చేప చవక. అప్పుడు కొని, శుభ్రం చేసి, దాస్తుంది. ఆగస్టు నుంచి చేప కరువు. మిగతా కొట్లవాళ్లు ప్లేటు ధర పెంచుతారు, లేదంటే కోడి పెట్టి సరిపెడతారు. యూలీన్ కొట్లో మాత్రం అదే చేప, అదే ధర, పద్దెనిమిది డాలర్లు. ఆమె వ్యాపారమంతా ఆ తెల్లటి పెట్టెలో ఉంది. కరెంటు బిల్లు నెలకి తొమ్మిది వందల నలభై. చిన్న దుకాణాలకి ఇరవై శాతం పెంచాలని కంపెనీ అడిగింది. అంటే ఇంకో నూట ఎనభై ఎనిమిది. ఆ రెండో ఫ్రీజరు నెలంతా గురగురమని తెచ్చే లాభం కూడా ఇంచుమించు అంతే. పెంపు వస్తే దాని ప్లగ్గు పీకేయాలి. ప్లగ్గు పీకితే ఆగస్టులో తనూ అందరిలాంటి కొట్టే.

యూలీన్ మార్టిన్స్ బేలోనే పుట్టింది. తండ్రికి పడవ ఉండేది, తల్లికి నోరు ఉండేది. పదిహేడో ఏట పడమటి తీరంలో ఒక పెద్ద హోటలు వంటింట్లో చేరి పంతొమ్మిదేళ్లు పనిచేసింది. అక్కడ నేర్చుకున్నది సాసులు కాదు, చీటీ. ప్లేటు కిటికీ దాటాలంటే చీటీ ఉండాలి. ఎవరికి, ఎన్ని, ఎందుకు, ఎవరి సంతకం. చీటీ లేకుండా ప్లేటు పంపిన వాడి జీతంలోంచి ఆ ప్లేటు పోతుంది. ఆమె జీతంలోంచి రెండుసార్లు పోయింది, మూడోసారి పోలేదు. హోటలు చేతులు మారినప్పుడు ఇచ్చిన డబ్బుతో ఇంటికొచ్చి కొట్టు పెట్టుకుంది. అలవాటు కూడా వెంట తెచ్చుకుంది. సొంత అన్నకి ప్లేటు పంపినా చీటీ రాసేది. "నీ దగ్గర దగ్గినా రసీదు ఇస్తావే" అనేవాడు ఆ అన్న.

కంపెనీ తీగల పని ముఠాకి ఆమె పదకొండేళ్లుగా భోజనం పెడుతోంది. తూర్పు తీరంలో అట్లాంటిక్ తుంపర పగలూ రాత్రీ స్తంభాల మీద పడుతూ ఉంటుంది. తీగకీ స్తంభానికీ మధ్య ఉండే పింగాణీ ఇన్సులేటర్ల మీద ఉప్పు పేరుకుంటుంది. పేరుకుంటే కరెంటు దారి తప్పుతుంది. అందుకని ఏడాదికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు రోజులు, ఆరుగురు మనుషులు లారీ మీద నీళ్ల ట్యాంకు వేసుకొచ్చి కడిగిపోతారు. ముఠా మేస్త్రీ హార్కోర్ట్ బాస్కోమ్. మనిషి స్తంభమంత పొడుగు, మాట స్తంభమంత పొట్టి అని యూలీన్ అనేది. స్తంభం ఎలా పొట్టి అవుతుందో ఆమెనే అడగాలి.

తర్వాత బూడిద పడిన ఏడు వచ్చింది. పక్క దీవి సెయింట్ విన్సెంట్‌లో అగ్నిపర్వతం పేలింది, గాలి ఇటు తిరిగింది. పొద్దున్న పదింటికి ఇళ్లలో దీపాలు పెట్టుకున్నారు. కోళ్లు మళ్లీ గూట్లోకి దూరాయి. హార్కోర్ట్ ముఠా ఈసారి ఆరుగురితో రాలేదు, పద్నాలుగు మందితో వచ్చింది. నీళ్ల ట్యాంకు రాలేదు. చేతుల్లో బ్రష్షులు, ముక్కులకి మాస్కులు. బూడిద మీద నీళ్లు కొడితే అది సిమెంటులా పట్టేస్తుంది, పైగా తడి బూడిద కరెంటు లాగుతుంది. కాబట్టి ముందు ఒక్కో పింగాణీని పొడిగా తోమాలి. ముప్పై ఒక్క రోజులు తోమారు.

మొదటి రోజు మధ్యాహ్నం భోజనాల చీటీ రాస్తూ యూలీన్ పని నంబరు అడిగింది.

"నాలుగు వందల పదిహేడు" అన్నాడు హార్కోర్ట్.

"అది ఉప్పు కడుగుడు కదా స్కిప్పర్. ఉప్పెక్కడుంది? నా కనురెప్పల మీంచి రాలేది కూడా బూడిదే."

"బూడిదకి నంబరు లేదు."

"పుట్టించమను."

"కొత్త నంబరు పుట్టాలంటే హెడ్డాఫీసులో ముగ్గురు సంతకాలు పెట్టాలి. ఆ ముగ్గురూ కిటికీలకి తడి దుప్పట్లు కట్టుకుని ఇళ్లలో ఉన్నారు. నా వాళ్లకి ఆకలి ఇవాళే వేస్తుంది. నాలుగు వందల పదిహేడు రాయి యూలీన్."

"అబద్ధం రాయమంటావా?"

"నంబరు రాయమంటున్నా. నిజం కావాలంటే కింద రాసుకో, చోటుంది."

ఆమె కింద రాసుకుంది: 'బూడిద పని, పొడి బ్రష్, 14 ప్లేట్లు, మాబీ 28 సీసాలు.' మాబీ అంటే చెట్టు బెరడు కాచి చేసే చేదు పానీయం; గొంతులు ఎండిపోతున్నాయని మనిషికి రెండు సీసాలు ఉచితం. అతను సంతకం పెట్టాడు. అలా ముప్పై ఒక్క చీటీలు. దీవిలోని మిగతా ముఠాలన్నీ కూడా అదే చేశాయని ఆమెకి అప్పుడు తెలియదు. ఉన్న నంబరు మీద పని నడిపించడం ఆ కంపెనీలో నేరం కాదు, నైపుణ్యం. కొత్త కాయితం అడిగేవాడు పని రానివాడని అక్కడి లెక్క.

మొదటి ఇరవై రెండు రోజుల డబ్బు వచ్చింది. మిగతా తొమ్మిది రోజుల చీటీలు పంపబోతే, పంపొద్దని అకౌంట్స్ నుంచి ఫోను. 417 పద్దులో ఆ ఏటి డబ్బు అయిపోయిందట. బకాయి కింద రాసుకున్నాం, వచ్చే ఏడు చూద్దాం అన్నారు. అసలు చీటీలు ఆమె దగ్గరే ఉండిపోయాయి, హార్కోర్ట్ సంతకంతో సహా. బిస్కట్ల డబ్బాలో పెట్టింది.

రెండేళ్లకి పేపర్లో ప్రకటన వచ్చింది. చార్జీల పెంపు, బహిరంగ విచారణ, అభ్యంతరాలున్నవారు ఇన్ని రోజుల్లోగా రాయాలి. చాలామందికి ఇదంతా ముందే ముగిసిన నాటకం అనిపిస్తుంది. అలా అనుకోవడం సుఖం, కాయితాలు చదివే పని తప్పుతుంది. నిజానికి కంపెనీ తనంతట తాను పైసా పెంచుకోలేదు. ఒక ఏడాదిని నమూనాగా ఎంచుకుని, ఆ ఏడు మాకింత ఖర్చయింది, ఇంత పెట్టుబడి ఉంది, దాని మీద ఇంత రాబడి కావాలి, పాత రేట్లతో అది రాదు అని పద్దు పద్దుగా చూపించాలి. నమూనా సంవత్సరం అంటే అప్పు అడగడానికి వెళ్లేవాడు వేసుకునే చొక్కా. ఎంత మాసితే అంత మంచిది. కంపెనీ ఎంచుకున్నది బూడిద పడిన ఏడు. మొత్తం అడిగింది నాలుగు కోట్ల అరవై లక్షలు.

బుధవారం కొట్టుకి సెలవు. మూడు బుధవారాలు యూలీన్ బస్సెక్కి కమిషన్ ఆఫీసుకి వెళ్లి, చదువుకునే గదిలో కూర్చుంది. పదకొండు వందల పేజీలు. గుమాస్తా జాలిపడి సారాంశం ఉందమ్మా, పన్నెండు పేజీలు, అది చదువుకో అన్నాడు.

"సారాంశం ఎవరు రాశారు?"

"కంపెనీయే."

"చేప ముల్లు తీసింది అమ్మేవాడైతే నేను తినను నాయనా. పెద్దదే ఇవ్వు."

రెండో బుధవారం మధ్యాహ్నం, నిర్వహణ ఖర్చుల పట్టికలో, ఆమె వేలు ఒక వరస దగ్గర ఆగింది. పని నంబరు 417, తీరప్రాంత ఉప్పు కడుగుడు, ఆరు లక్షల పన్నెండు వేల డాలర్లు. పక్కన 'ప్రతి ఏటా ఉండే ఖర్చు' అని గుర్తు. ఎనిమిది రోజులు, ఆరుగురు మనుషులు, ఒక ట్యాంకు. దీవి మొత్తానికి ఎన్ని ముఠాలు వేసుకున్నా ఆరు లక్షలు ఎలా అవుతుంది? ఆమెకి అర్థమవడానికి ఎక్కువసేపు పట్టలేదు. అయినా తొందరపడకుండా రాతపూర్వకంగా ఒక్క ప్రశ్న వేసింది: ఆ ఏడు ఉప్పు కడగడానికి ఏమేం కొన్నారు? అభ్యంతరం నమోదు చేసుకున్నవాళ్లు అడిగితే కంపెనీ జవాబు చెప్పి తీరాలి. రెండు వారాలకి జాబితా వచ్చింది. రబ్బరు గొట్టాలు పన్నెండు. బ్రష్షులు పద్నాలుగు వందలు. మాస్కులు ఆరు వేలు. ఆ నిశ్శబ్దపు గదిలో ఆమె పైకే నవ్వేసింది. గుమాస్తా పెదవుల మీద వేలు పెట్టాడు.

చీటీల మీద ఉన్న సంతకం హార్కోర్ట్‌ది. అతనికి రిటైర్మెంటు ఇంకా ఆరు నెలలు. ఆదివారం రమ్ముకొట్టు అరుగు మీద డామినోలు ఆడుతుంటే వెళ్లి పక్కన కూర్చుంది.

"ఆ చీటీలు కమిషన్ ముందు పెడుతున్నా."

అతను చేతిలోని పావు బల్ల మీద ఠపీమని కొట్టాడు. "అడగడానికొచ్చావా, చెప్పడానికొచ్చావా?"

"చెప్పడానికే. అడిగితే నువ్వు వద్దంటావు, అప్పుడు నేను నీ మాట కాదన్నట్టవుతుంది."

"నా పెన్షన్ పోతే?"

"రోజూ ఒక ప్లేటు పెడతాను."

"చీటీ రాసా?"

"రాయకుండా ఎలా?"

అతను ఇంకో పావు వేశాడు. ఆట గెలిచాడు. తర్వాత అన్నాడు, "ఆ నంబరు వేసుకోమని డిపో నుంచి వైర్‌లెస్‌లో అందరికీ చెప్పారు. నేనొక్కణ్ణే కాదు. ఎవరైనా అడిగితే అదే చెబుతా. అడక్కపోతే నోరెత్తను."

"నువ్వు నోరెత్తిందెప్పుడు?"

విచారణ రోజు ఆమె వంతు మూడోది. ముందు ఒక రిటైరైన ప్రొఫెసరు రాబడి శాతం గురించి పదునుగా మాట్లాడాడు. తర్వాత ఒక పాస్టరు గారు పేదవాడి దీపం ఆర్పకండి అని నలభై నిమిషాలు కన్నీళ్లు పెట్టించారు. కమిషన్ సభ్యులు గౌరవంగా విన్నారు, ఒక్క అంకె కూడా రాసుకోలేదు. రాసుకోవడానికి ఆయన ఒక్క అంకె కూడా ఇవ్వలేదు మరి.

తర్వాత యూలీన్. పిల్‌గ్రిమ్ ప్రశ్న, ఆమె జవాబు, నవ్వులు అయ్యాక, సాక్షి కుర్చీలో ఉన్న ఒడ్లిన్ షెపర్డ్ వైపు తిరిగింది. షెపర్డ్ కంపెనీ ఆర్థిక మేనేజరు. చురుకైన మనిషి, ఖాతా పుస్తకంలో ఉన్న అంకెనే నిజాయితీగా ఎక్కించింది.

"మిస్ షెపర్డ్, ఉప్పు కడుగుడు ఏటా ఉంటుందా?"

"ఉంటుందండీ. సముద్రం ఎక్కడికీ పోదు కదా."

ఈసారి నవ్వు షెపర్డ్‌కి దక్కింది. యూలీన్ కూడా నవ్వింది.

"పోదు. దేంతో కడుగుతారు?"

"నీళ్లతో. ఒత్తిడితో కొడతారు."

"బ్రష్షులు వాడతారా?"

షెపర్డ్ ముందున్న కాయితాలు తిరగేసింది. "అది తీగల విభాగం వాళ్లు చెప్పాలి."

"పద్నాలుగు వందలు కొన్నామని మీరే రాసిచ్చారు. ఆరు వేల మాస్కులు కూడా. ఉప్పు ముక్కులోకి ఎగురుతుందా తల్లీ?"

పిల్‌గ్రిమ్ లేచాడు. "అధ్యక్షా, సాక్షి ఇంజనీరు కాదు."

"ఆవిడ అడిగింది కొనుగోళ్ల గురించి. కొన్నది మీ సాక్షి విభాగమే. కూర్చోండి" అన్నారు అధ్యక్షురాలు.

యూలీన్ సంచీలోంచి బిస్కట్ల డబ్బా తీసింది. తొమ్మిది చీటీలు బల్ల మీద పరిచింది. పైన 417. కింద 'బూడిద పని, పొడి బ్రష్'. దాని కింద మేస్త్రీ సంతకం, తేదీ.

"తిండి చీటీలతో కరెంటు చార్జీలు తేలుస్తారా మేడమ్?" అన్నాడు పిల్‌గ్రిమ్, కూర్చునే.

"ఆ తిండి కూడా మీరు అడిగిన ఆరు లక్షల్లో ఉంది కదండీ. మిస్ షెపర్డ్, ఉందా లేదా?"

"ముఠా భోజనాలు పని ఖర్చులోకే వస్తాయి. ఉంది."

"డబ్బు ఇచ్చినవేనా? ఇవ్వనివి కూడానా?"

"చెల్లించవలసినవి కూడా కలిపే రాస్తాం."

"అయితే ఈ తొమ్మిది చీటీల డబ్బు నాకు రాలేదు. నేను వండిన అన్నం, నాకు డబ్బివ్వని అన్నం, దానికి నా కరెంటు బిల్లులో నేనే ఏటేటా డబ్బు కట్టాలి. అంతేనా?"

ఎవరూ నవ్వలేదు. ముగ్గురు సభ్యులూ రాసుకుంటున్నారు.

"ఆఖరి ప్రశ్న. అగ్నిపర్వతం ఏటా పేలుతుందా?"

షెపర్డ్ పిల్‌గ్రిమ్ వైపు చూడలేదు. "పేలదనే అనుకుంటున్నానండీ. ఆ వరస మేం మళ్లీ చూసుకోవాలి" అంది. ఆ రోజు కంపెనీ తరఫున వచ్చిన అతి తెలివైన మాట అదే.

మూడు నెలలకి తీర్పు వచ్చింది. ఉప్పు పద్దు ఆరు లక్షల పన్నెండు వేల నుంచి తొంభై నాలుగు వేలకి దిగింది. నాలుగు కోట్ల అరవై లక్షల్లో ఇది చీమ తలకాయంత, అందుకని ఆమె దీవిని కాపాడిందని రాసినవాళ్లు అంకెలు చూడలేదు. అసలు దెబ్బ వేరే చోట తగిలింది. ఒక పద్దులో బూడిద దూరితే ఇంకెన్నిట్లో దూరిందో చూడమని కమిషన్ ఆదేశించింది. చూస్తే లారీల ఫిల్టర్లు, అదనపు గంటల జీతాలు, అద్దె నిచ్చెనలు, ఆ ఒక్క ఏడు తప్ప ఇంకెప్పుడూ రాని ఖర్చు అరవై ఒక్క లక్షలు తేలింది. ప్రొఫెసరు వాదన వల్ల రాబడి శాతం కూడా కాస్త తగ్గింది. చిన్న దుకాణాలకి పెంపు ఇరవై నుంచి పది శాతానికి వచ్చింది. యూలీన్ బిల్లు వెయ్యి ముప్పై నాలుగు. రెండో ఫ్రీజరు ఇప్పుడు సగమే సంపాదిస్తోంది, కానీ ప్లగ్గు గోడలోనే ఉంది. హార్కోర్ట్‌కి సంజాయిషీ కాయితం వచ్చింది. 'డిపో చెప్పింది, రాశాను' అని జవాబిచ్చాడు. పూర్తి పెన్షన్‌తో దిగిపోయాడు. వారానికి నాలుగు రోజులు ఆమె కొట్లోనే తింటాడు, చీటీ మీద.

తీర్పు వచ్చిన వారానికి యూలీన్ తన తొమ్మిది రోజుల డబ్బు కోసం అకౌంట్స్‌కి ఫోను చేసింది.

"మేడమ్, ఆ బిల్లు 417 కింద చెల్లదు" అంది అవతలి అమ్మాయి. "అది ఉప్పు పద్దు. మీది బూడిద అని మీరే కమిషన్ ముందు రుజువు చేశారు కదా. బకాయిలోంచి తీసేశాం."

"అయితే బూడిద పద్దులోంచి ఇవ్వు."

"బూడిద పద్దు లేదు మేడమ్."

"తెరవండి."

"మూడు సంతకాలు కావాలి."

"దుప్పట్లు తీసేశారా, ఇంకా కిటికీలకే ఉన్నాయా?"

అవతలి అమ్మాయికి అర్థం కాలేదు. యూలీన్ విడమర్చి చెప్పలేదు. ఆ నెల నుంచి ఒకటో తారీఖున కంపెనీ కౌంటరు దగ్గర కరెంటు బిల్లు కట్టేటప్పుడు, అక్కడే, అదే గుమాస్తాకి తన భోజనాల బిల్లు కూడా ఇస్తుంది. అందినట్టు ముద్ర వేయించుకుని, ఆ ముద్ర ఉన్న కాయితాన్ని బిస్కట్ల డబ్బాలో పెడుతుంది. తొమ్మిది రోజులు, రోజుకి పద్నాలుగు ప్లేట్లు, ప్లేటు పద్దెనిమిది డాలర్లు. కంపెనీ ఆమెకి ఇంకా రెండు వేల రెండు వందల అరవై ఎనిమిది డాలర్లు బాకీ.